ఎముకకు ఉక్కుతో పోటీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆరోగ్యం పేజీ చివర, ‘మీకు తెలుసా?’ అన్న పెట్టెలో ఒక వాక్యం వేశారు. మనిషి ఎముక ఉక్కు కంటే ఐదు రెట్లు గట్టిదట. ఈ మాట మీరొక్కరే అన్నది కాదు. క్విజ్ పుస్తకాల్లో ఉంది, ఫోనుల్లో తిరిగే సందేశాల్లో ఉంది. ఒకచోట నాలుగు రెట్లంటారు, మరొకచోట పది అంటారు. ఏ ఉక్కు అనిగాని, ఏ ఎముక అనిగాని, నొక్కితేనా లాగితేనా మెలిపెడితేనా అనిగాని ఎవరూ అడగరు. ఇంజనీరింగ్ విద్యార్థులకు పదార్థాల బలం పాఠం చెప్పి, ప్రయోగశాలలో వాళ్ల చేత ఇనుప కడ్డీలూ కాంక్రీటు దిమ్మలూ విరగ్గొట్టించి బతికినవాణ్ని నేను. ఇలాంటి వాక్యం కనిపిస్తే ఊరుకోలేను.

ముందు అంకెలు చూడండి. తొడ ఎముక నడిమి భాగంలోని గట్టి ఎముకను పొడవు దిశలో నొక్కితే సుమారు 170 నుంచి 200 మెగాపాస్కల్ వరకు ఓర్చుకుంటుంది. చదరపు మిల్లీమీటరు మీద అన్ని న్యూటన్ల బలం అన్నమాట. అదే దిశలో లాగితే 130 దగ్గర తెగిపోతుంది. మామూలు మెత్తని ఉక్కు 250 దగ్గర లొంగడం మొదలుపెట్టి, 400 దాకా వెళ్తేగాని తెగదు. కాబట్టి ఒకే సైజు ముక్కలు రెండు తీసుకుంటే గెలుపు ఉక్కుదే, ఇందులో సందేహం లేదు.

బరువుకు బరువు చూస్తే కథ మారుతుంది. ఉక్కు ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములు తూగుతుంది. ఎముక రెండు గ్రాముల లోపే. ఈ లెక్కన నొక్కుడులో ఎముక మెత్తని ఉక్కుకు మూడు రెట్ల దాకా వస్తుంది, లాగుడులో ఓ మోస్తరు పైచేయి. అయితే వేలాడే వంతెనల తాళ్లకు వాడే తీగ ఉక్కు 1500 మెగాపాస్కల్‌ను దాటుతుంది. దాని ముందు బరువు లెక్కలో కూడా ఎముక నిలవదు. ఇక బిరుసుదనం, అంటే బలం పడినా సాగకుండా వంగకుండా నిలిచే గుణం అంటారా, ఉక్కుది 200 గిగాపాస్కల్ (ఒక గిగా అంటే వెయ్యి మెగా), ఎముకది 17 నుంచి 20. పదో వంతు! మీ ‘ఐదు రెట్లు’ ఏ తక్కెడలో తూచినా నాకు తేలలేదు. మామూలు కాంక్రీటు నొక్కుడు బలం 20 నుంచి 40 మెగాపాస్కల్ ఉంటుంది, దానితో పోలిస్తే ఐదు రెట్ల మాట కొంత అతుకుతుంది. ఎవరి చేతిలోనో కాంక్రీటు కాస్తా ఉక్కుగా మారిపోయిందని నా అనుమానం.

అంకెను సరిచేసి ఊరుకుంటే సరిపోతుందనుకుంటే ఈ ఉత్తరం రెండు పేరాలతో ముగిసేది. నా ఫిర్యాదు పోలిక మీదే. ఎముక గొప్పదనమంతా ఉక్కుకు లేని గుణాల్లో ఉంది. దానికి ‘గట్టిది’ అనే ఒక్క ముద్ర వేసి వదిలేస్తే, అది ఎందుకు నిలబడుతుందో, ఎప్పుడు విరుగుతుందో రెండూ అర్థం కావు.

మొదటి సంగతి దిశ. ఉక్కు ముక్కను ఎటు లాగినా దాదాపు ఒకే జవాబు చెబుతుంది. ఎముక అలా కాదు. పొడవునా లాగితే 130 మెగాపాస్కల్ ఓర్చుకునే ఎముక, అడ్డంగా లాగితే 50 దగ్గరే చీలిపోతుంది. కారణం లోపలి అల్లిక. గట్టి ఎముకను పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే గుండ్రని వలయాల గుంపులు కనిపిస్తాయి. ఒక్కో గుంపు ఒక సన్నని గొట్టం, అడ్డుకొలత మిల్లీమీటరులో ఐదోవంతు ఉంటుంది, నడుమ నెత్తుటి నాళం పోయే కాలువ. క్లాప్టన్ హావర్స్ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1691లో వీటిని వర్ణించాడు కాబట్టి ఆ కాలువలకు ఆయన పేరే నిలిచింది. ఈ గొట్టాలన్నీ ఎముక పొడవునా సాగి ఉంటాయి. మనం నిలబడ్డా నడిచినా బరువు పడేది ఆ దిశలోనే. అడ్డంగా చీల్చే బలం రోజూ రాదు, అందుకే దానికి అంత ఏర్పాటు లేదు.

ఒకసారి మా విద్యార్థుల బృందం ప్రాజెక్టు కోసం పశువు తొడ ఎముక నుంచి సన్నని పట్టీలు కోసింది. రంపం కింద నీళ్లు ధారగా పడుతూ ఉండాలి. లేకపోతే వేడికి వెంట్రుకలు కాలిన వాసన గది నిండిపోతుంది, పట్టీ కూడా చెడుతుంది. కోసినవాటిని ఉప్పునీటిలో తడిపిన గుడ్డలో చుట్టి ఉంచమన్నాను. సగం పట్టీలు అలాగే ఉంచారు. మిగతా సగం ఎవరో ఫ్యాను కింద పెట్టి మరిచిపోయారు. మరుసటి రోజు పరీక్ష మొదలైంది. పట్టీని రెండు ఆధారాల మీద ఉంచి, నడిమధ్యన మొద్దు మొనతో నెమ్మదిగా నొక్కడం. ఎంత బలానికి ఎంత వంగిందో యంత్రం కాగితం మీద గీతగా గీస్తుంది. తడి పట్టీల గీత తిన్నగా ఎక్కి, కొంత దూరం పోయాక పక్కకు వంగి, ఆ తరువాత కూడా చాలాసేపు సాగింది. చెవి దగ్గర పెడితే సన్నగా చిటచిటలు వినిపించాయి. విరిగిన అంచు గరుకుగా, పోగులు లేచినట్టుగా ఉంది. ఎండిన పట్టీల గీత ఇంకా నిటారుగా ఎక్కింది. అంటే అవి ఎక్కువ బిరుసు. కానీ వంగనే లేదు, ఒక్కసారిగా ‘టప్’మని రెండు ముక్కలయ్యాయి, అంచు నున్నగా ఉంది. ఆ అబ్బాయిలు ఎండిన వాటిని పారేద్దామన్నారు. పారేయొద్దు, నివేదికలో ఇదే అసలు ఫలితమని చెప్పాను. ఎముకలో తూకం ప్రకారం పదో వంతు నీరే ఉంటుంది. ఆ నీరు పోతే పెళుసుదనం వచ్చేస్తుంది.

మిగతా తొమ్మిది వంతుల్లో ఎక్కువ భాగం ఖనిజం, కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు. తక్కినది కొల్లాజెన్ అనే మాంసకృత్తుల పోగు. వీటి వాటా ఏమిటో తెలుసుకోవడానికి పాతకాలపు ప్రయోగం ఒకటుంది, ఇప్పటికీ అంతకు మించినది లేదు. ఎముకను పలుచని ఆమ్లంలో కొన్ని రోజులు నానబెడితే ఖనిజం కరిగిపోతుంది. ఆకారం చెక్కుచెదరదు గానీ సన్నని ఎముకైతే ముడి వేయవచ్చు. ఇంకో ఎముకను బాగా కాలిస్తే కొల్లాజెన్ పోతుంది. అప్పుడూ ఆకారం అలాగే ఉంటుంది, వేలితో నొక్కితే మాత్రం పొడి రాలుతుంది. బిరుసు ఇచ్చేది ఖనిజం, సాగి ఓర్చుకునే గుణం ఇచ్చేది కొల్లాజెన్. బీట మొదలైనా తిన్నగా పోనివ్వకుండా, గొట్టాల అంచుల దగ్గర దాన్ని పక్కదారి పట్టించేది రెంటి కలయిక. చిన్నపిల్లల ఎముకల్లో ఖనిజం పాలు తక్కువ కాబట్టి అవి తరచు పూర్తిగా తెగవు, ఒక పక్క చిట్లి మరో పక్క వంగి ఆగిపోతాయి. డాక్టర్లు దీన్ని పచ్చికొమ్మ విరుగుడు అంటారు. కాబట్టి ఎంత ఎక్కువ కాల్షియం ఉంటే అంత గొప్ప ఎముక అనుకోవడమూ సగం నిజమే.

రెండో సంగతి ఆకారం. పొడుగాటి ఎముకలు బోలుగా ఉంటాయి, లోపల మూలుగ ఉంటుంది. బోలుగా ఉండటం బలహీనత అనుకునేవారికి గెలీలియో 1638లోనే జవాబు రాశాడు. అంతే పదార్థంతో చేసిన గట్టి కడ్డీ కంటే గొట్టమే వంపును ఎక్కువ ఓర్చుకుంటుందన్నాడు. నేను క్లాసులో వేయించే లెక్క చెబుతాను. బయటి అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు, లోపలి అడ్డుకొలత 13 మిల్లీమీటర్లు ఉన్న గొట్టం తీసుకోండి. పెద్దవాళ్ల తొడ ఎముక నడుమ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అంతే పదార్థాన్ని కడ్డీగా పోస్తే అడ్డుకొలత 23.7 మిల్లీమీటర్లు వస్తుంది. వంపుకు ఆ కడ్డీ ఓర్చుకునే దానికంటే గొట్టం సుమారు 40 శాతం ఎక్కువ ఓర్చుకుంటుంది. వంగకుండా నిలిచే బిరుసు 60 శాతం ఎక్కువ. ఒక్క గ్రాము అదనంగా వేయకుండా వచ్చిన లాభం ఇది. వయసు మీద పడ్డాక లోపలి గోడ తరిగిపోతూ ఉంటే, బయటి వైపు కొంచెం కొంచెంగా కొత్త ఎముక పేరుకుని అడ్డుకొలత పెరుగుతుంది. పోయినదంతా దాంతో తిరిగి రాదు. అయినా పదార్థాన్ని మధ్య నుంచి దూరంగా జరపడం ఏ ఇంజనీరుకైనా నచ్చే ఎత్తుగడ.

తొడ ఎముక తల దగ్గర ఇంకా గొప్ప ఏర్పాటు ఉంది. అక్కడ లోపల గుల్లగా, సన్నని పుల్లల అల్లికలా ఉంటుంది. 1866 ప్రాంతంలో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు ఆ అల్లిక బొమ్మను చూపిస్తే, జ్యూరిచ్‌లో వంతెనల లెక్కలు చెప్పే కార్ల్ కుల్మన్‌కు అది తెలిసిన బొమ్మలాగే కనిపించింది. వంగిన క్రేనులో బలాలు ఏ దారుల్లో పోతాయో ఆయన గీసే గీతలు, ఈ పుల్లల వరసలు ఇంచుమించు ఒకే తీరులో ఉన్నాయి. ఎముక తన మీద పడే బరువును బట్టి తన్ను తాను మలచుకుంటుందని జూలియస్ వోల్ఫ్ 1892లో సూత్రం కట్టింది దీని మీదే. పోలిక ఆయన అనుకున్నంత కచ్చితమైనది కాదని తరువాతివాళ్లు తప్పులు పట్టారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఎముక లంబకోణాల లెక్కలు చూసుకుని పెరగదు. కానీ అసలు విషయం నిలిచింది. చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడే క్రీడాకారుల్లో రాకెట్ పట్టే చేతి జబ్బ ఎముక గోడ రెండో చేతి కంటే మందంగా ఉంటుంది. అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి బరువు లేకుండా తేలే వ్యోమగాములు వ్యాయామం తగినంత లేకపోతే తుంటి ఎముకలో నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం పోగొట్టుకుంటారు. అడుగు మోపని చోట ఎముకకు పని లేదు, పని లేకపోతే శరీరం దాన్ని మేపదు.

ఇప్పుడు ఉక్కును తీసుకొచ్చి ఎముక పక్కనే పెడితే ఏమవుతుందో చూడండి. ఇది ఊహ కాదు. విరిగిన ఎముకకు ప్లేటు వేసి స్క్రూలు బిగించడం అంటే అదే. ప్లేటు ఎముక కంటే పది రెట్లు బిరుసు. రెండూ కలిసి బరువు మోస్తుంటే ఎక్కువ భాగం బిరుసైనదే మోస్తుంది. ప్లేటు కింద ఉన్న ఎముకకు పని తగ్గి, నెలలు గడిచేకొద్దీ పలుచబడుతుంది. టైటానియం బిరుసు 110 గిగాపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది. అది ఉక్కులో సగమే కావడం ఇక్కడ కలిసొస్తుంది. ప్లేటు తీసేశాక స్క్రూలు ఉన్న రంధ్రాల చుట్టూ బలం గుమికూడుతుంది, అందుకే కొంతకాలం జాగ్రత్త అంటారు. ఎముక ఉక్కులా ఉండి ఉంటే బాగుండేదని అనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ చాలాసేపు ఆలోచించాలి.

విరగడం గురించి రాయకపోతే నా వృత్తికే ద్రోహం. సుద్దముక్కను రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టండి. అడ్డంగా తెగదు, అంచు మెట్లమెట్లుగా చుట్టు తిరిగి 45 డిగ్రీల వాలులో తెగుతుంది. మెలిపెట్టినప్పుడు లాగుడు ఎక్కువగా పడేది ఆ వాలులోనే, సుద్దకు ఓపిక లేనిది లాగుడుకే. పాదం నేలకు అతుక్కుని ఒళ్లు తిరిగిపోయిన ఆటగాడి కాలి ఎముక కూడా ఇలాగే మరమేకు తిరుగుడులా విరుగుతుంది. వంగి విరిగిన ఎముకలో బీట సాగిన వైపున మొదలవుతుంది. నొక్కుడు పడిన వైపుకు చేరేసరికి రెండు పాయలుగా చీలి, ఒక్కోసారి త్రికోణాకారపు ముక్కను వదిలేస్తుంది. అనుభవమున్న డాక్టరు ఎక్స్‌రే చూసి దెబ్బ ఎటు నుంచి తగిలిందో చెప్పడంలో ఇంద్రజాలమేమీ లేదు. మేము ప్రయోగశాలలో విరిగిన కడ్డీ అంచు చూసి చెప్పేదీ అదే.

వేగమూ లెక్కలోకి వస్తుంది. బలం మెల్లగా పడినప్పటి కంటే దెబ్బలా పడినప్పుడు ఎముక మరింత బిరుసెక్కి, మరింత బలం చూపుతుంది. కానీ అప్పటిదాకా తనలో దాచుకున్న శక్తినంతా విరిగే క్షణంలో ఒక్కసారిగా వదులుతుంది. నెమ్మదిగా విరిగిన ఎముక ఒక గీతగా విరిగితే, వాహన ప్రమాదంలో విరిగిన ఎముక ముక్కలు ముక్కలై చుట్టూ కండను చీల్చేది అందుకే.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. మా అక్క నిలబడ్డ చోటనే పక్కకు తూలి పడింది. తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. చూడటానికి వచ్చినవాళ్లలో ఒకాయన, మంచి మనిషే, మంచం పక్కన కూర్చుని “ఉక్కు కన్నా గట్టివంటారు కదమ్మా ఎముకలు, నిలబడి పడితేనే విరిగిందంటే నీ ఒంట్లో ఏదో పెద్ద లోపమే ఉండాలి” అన్నాడు. ఆయన వెళ్లాక కూడా అక్క ఆ మాటే పట్టుకుంది. “నేనేం తప్పు చేశానురా? సరిగ్గా తినలేదా? ముందే చూపించుకోవలసిందా?” అని నన్ను అడిగింది. ఓ పెట్టెలో వేసిన సరదా వాక్యం మంచాన పడ్డ మనిషి నెత్తిన నేరంగా కూర్చుంది. నేను అక్కకు చెప్పిందే మీ పాఠకులకూ చెబుతాను.

యాభై కిలోల మనిషి తుంటి, నిలబడ్డ ఎత్తు నుంచి నేల దాకా ముప్పాతిక మీటరు మేర పడిపోతే, అందులో ఉండే శక్తి 350 జౌళ్ల పైమాటే. తొడ ఎముక పైభాగాన్ని విరగ్గొట్టడానికి కొన్ని పదుల జౌళ్లు చాలు. అంటే నిలబడి పడటం చిన్న దెబ్బ కానే కాదు. ఆరోగ్యమైన ఎముకను సైతం విరగ్గొట్టేంత శక్తి అందులో ఉంది. వయసులో ఉన్నవాళ్లు పడ్డప్పుడల్లా విరగకపోవడానికి ఎముక ఒక్కటే కారణం కాదు. చేయి ముందు ఆనుతుంది, మోకాళ్లు మడుచుకుంటాయి, కండరాలు బిగిసి సాగుతూ శక్తిని మింగేస్తాయి, తుంటి మీది మెత్తని కండ దెబ్బను పంచుకుంటుంది. వయసు పెరిగితే ఇవన్నీ ఆలస్యమవుతాయి, కొన్ని అసలు జరగవు. మిగిలిన శక్తి నేరుగా ఎముక మీదికే వస్తుంది.

పైగా పక్కకు పడటం ఎముకకు అలవాటు లేని బరువు. నడిచేటప్పుడు తుంటి కీలు మీద ఒంటి బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్ల బలం పడుతుంది. ఆ బలం తొడ ఎముక మెడలో కింది వైపును గట్టిగా నొక్కుతుంది. అందుకే కింది వైపు గోడ మందంగా ఉంటుంది. పై వైపు గోడకు నడకలో పెద్ద పని పడదు, ఏళ్లు గడిచేకొద్దీ అది ఇంకా పలుచబడుతుంది. పక్కకు పడ్డప్పుడు లెక్క తలకిందులవుతుంది. ఆ పలుచని పై గోడ మీదికే నొక్కుడు వచ్చి పడుతుంది. అక్కకు జరిగింది అదే. జీవితమంతా మోసిన బరువుకు ఆ ఎముక నిలిచింది, మోయని బరువు ఒక్కసారి మీద పడితే లొంగింది. లోపం ఎక్కడని అడిగితే నేను పడిన దిశను చూపిస్తాను.

గుల్లబారడం గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, మీ పేజీలో అది తరచు వస్తుంది కాబట్టి. గుల్ల ఎముక, అంటే ఇందాక చెప్పిన పుల్లల అల్లిక, దాని బలం సాంద్రతతో పాటు సమానంగా తగ్గదు, సుమారుగా సాంద్రత వర్గాన్ని బట్టి తగ్గుతుంది. సాంద్రత 20 శాతం పోతే 80లో 80 శాతం, అంటే 64 మిగులుతుంది. బలం మూడోవంతుకు పైగా పోయిందన్నమాట. వెన్నుపూసల్లో ఇంకో చిక్కుంది. నిలువు పుల్లలను పక్కల నుంచి పట్టి ఉంచే అడ్డపుల్లలు ముందు మాయమవుతాయి. పోయింది అడ్డపుల్లే కదా, బరువు మోసేది నిలువుది కదా అనిపిస్తుంది. కానీ సన్నని నిలువు పుల్ల నలిగి చావదు, పక్కకు వంగి లొంగిపోతుంది. నడుమ ఆధారం ఒకటి పోయి, ఆధారం లేని పొడవు రెట్టింపైతే, అది ఓర్చుకునే బరువు నాలుగోవంతుకు పడిపోతుందని గణితవేత్త ఆయిలర్ లెక్క చెబుతుంది. ఖనిజం తూకంలో కొంచెమే తగ్గినా వెన్నుపూస కుంగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఎముక సాంద్రత స్కాన్ కాగితంలో, ఆరోగ్యంగా ఉన్న యువ వయసువారి సగటుకు మన సాంద్రత ఎంత దిగువన ఉందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. అది మైనస్ 2.5 కంటే ముందు నిశ్చింత, దాటితే ప్రళయం అన్నట్టు రాయడం కూడా మానాలి. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ఆ గీత ఉపయోగపడే గీతే. అయితే స్కాన్ కొలిచేది ఎక్స్‌రే నీడలో చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాముల ఖనిజం ఉందన్నది మాత్రమే. అడ్డపుల్లలు ఉన్నాయో లేదో, కొల్లాజెన్ ఎలా ఉందో, మనిషి ఎంత తరచుగా తూలుతున్నారో దానికి కనిపించదు. గీతకు ఇవతల ఉన్నవాళ్లలోనూ ఎముకలు విరిగేవాళ్లు చాలామందే ఉంటారు.

చివరిగా ఉక్కుకు ఎన్నటికీ రాని గుణం. ఏ పదార్థమైనా తెగే బలం కంటే చాలా తక్కువ బలాన్ని పదేపదే వేస్తే అలసిపోయి విరుగుతుంది. ఇరుసులు, రెక్కలు, వంతెనలు ఇలాగే పోతాయి. ఎముకా అలసిపోతుంది. 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్, దెబ్బ తగలకుండానే కవాతు చేసే సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడం గురించి రాశాడు. ఎక్స్‌రే వచ్చాక, 1897లో, అవి పాదం ఎముకల్లో పడిన బీటలని తేలింది. కొత్తగా పరుగు మొదలుపెట్టి మొదటి వారాల్లోనే దూరం అమాంతం పెంచేవాళ్లకు ఇప్పటికీ వచ్చేది అదే. అయితే మనందరి ఎముకల్లోనూ రోజూ కంటికి కనిపించని బీటలు పడుతూనే ఉంటాయి. వాటిని పసిగట్టి, పాడైన చోటును తవ్వి తీసేసే కణాలు ఉన్నాయి, వాటి వెనకే వచ్చి కొత్త ఎముకతో పూడ్చే కణాలూ ఉన్నాయి. తవ్వడానికి మూడు వారాలు పడితే పూడ్చడానికి మూడు, నాలుగు నెలలు పడుతుంది. ఆ తేడా వల్లే మరమ్మతు జరుగుతున్నంతకాలం ఆ చోటు మరింత బలహీనంగా ఉంటుంది, విశ్రాంతి అందుకే అడుగుతుంది. ఇలా పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా పదో వంతు దాకా కొత్తదవుతుంది. గుల్లబారడాన్ని ఆపే కొన్ని మందులు ఈ తవ్వకాన్ని తగ్గిస్తాయి. వాటి వల్ల ఆగే విరుగుళ్లు చాలా ఎక్కువ, కాబట్టి డాక్టరును అడగకుండా ఎవరూ మానకూడదు. కానీ ఏళ్ల తరబడి వాడినవాళ్లలో బహు అరుదుగా తొడ ఎముక నడుమ అడ్డంగా విరగడం కనిపించింది. మరమ్మతు మందగిస్తే బీటలు పేరుకుంటాయన్న అనుమానం దాని వెనక ఉంది. ఏ ఉక్కు కడ్డీ అయినా తన బీటను తానే పూడ్చుకుంటే చూపించండి, ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను.

మీకు నా విన్నపం ఒకటే. ఆ పెట్టె మళ్లీ వేయవలసి వస్తే ఉక్కును వదిలేసి ఇలా వేయండి: ‘తొడ ఎముక పొడవునా నొక్కితే మామూలు కాంక్రీటు కంటే ఎన్నో రెట్లు ఓర్చుకుంటుంది. అడ్డంగా లాగితే అందులో మూడోవంతు కూడా ఓర్చుకోదు. పక్కకు పడినప్పుడు తుంటి విరగడానికి ఎముక బలహీనతే కారణం కానక్కర్లేదు.’ మూడు వాక్యాలే, మీ పెట్టెలో పడతాయి. ఉత్తరం పొడుగైందని నాకూ తెలుసు. హావర్స్‌నూ గెలీలియోనూ తీసేసినా నేనేమీ అనుకోను. మా అక్క గురించిన పేరా, దాని తరువాతి రెండు పేరాలు మాత్రం కత్తిరించకండి. ఆమె మీ పత్రికే చదువుతుంది.

ఇట్లు,
పదార్థాల బలం బోధించి విశ్రాంతి తీసుకున్న ఒక అధ్యాపకుడు